రాజీ కాగితం రాసుకుంటే కేసు పోదు: మా పేటల్లో అపోహలు, వాస్తవాలు

విజయనగరంలో జూట్ మిల్లు కార్మికులుండే పేటల్లో పారా లీగల్ వాలంటీరుగా, అంటే జనానికి చట్టం సంగతులు చెప్పే కార్యకర్తగా తిరుగుతుంటాను. వీధి గొడవ ముదరకముందే రెండిళ్లవాళ్లనీ కూర్చోబెట్టడం మా కమిటీ పని. నిన్న ఒకావిడ కవర్లోంచి స్టాంపు పేపరు తీసి, "రాజీ అయిపోనాది కదా మేడమ్, మళ్లీ వారంటేటి?" అంది. ఈ నెలలో ఇది మూడోది. అందుకే రాస్తున్నా.

అపోహ: పెద్దమనుషుల ముందు సంతకాలు పెడితే కేసు కొట్టేసినట్టే.

వాస్తవం: ఎఫ్ఐఆర్ కట్టాక ఆ కేసు నడిపేది ఎదురింటివాళ్లు కాదు, ప్రభుత్వం. చార్జిషీటు పడుతుంది, వాయిదాలొస్తాయి, మీరు వెళ్లకపోతే నాన్ బెయిలబుల్ వారంటు వస్తుంది. మీ వేపచెట్టు కింద ఏం జరిగిందో జడ్జి గారికెలా తెలుస్తుంది? దెబ్బ తిన్నవాళ్లు కోర్టుకొచ్చి రాజీ అని చెప్పాలి, అది రికార్డు అవ్వాలి. మామూలు దెబ్బల కేసైతే, క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 359 (పాత సీఆర్‌పీసీ 320) కింద అలా నమోదైన రాజీ నిర్దోషిగా విడుదలైనదాంతో సమానం. కత్తి గాయాల కేసులు చాలావరకు ఇలా రాజీకి రావు. ఆర్మీ సెలక్షన్లకి పరిగెత్తే కుర్రాళ్ల తల్లులూ, కేసుంటే ఉద్యోగం రాదేమోనన్న మీ భయం నాకు తెలుసు, కానీ ఫారంలో కేసు దాచకండి, దాస్తేనే అసలు చిక్కు.

కొన్నేళ్ల కిందట మా పేటలో కుళాయి దగ్గర బిందెల వరుస కోసం గొడవైంది. ఒక కుర్రాడు తోసేస్తే ఎదురింటాయనకి నుదురు చిట్లి నాలుగు కుట్లు పడ్డాయి. నెల తిరక్కుండా కూర్చోబెట్టాం. ఆసుపత్రి ఖర్చులిచ్చారు, కాగితం రాసుకున్నారు. రాసింది నేనే, చేతిరాత బాగుంటుందని. రెండిళ్లూ పైడితల్లమ్మ పండక్కి ఒకే ఆటోలో వెళ్లాయి. కుర్రాడు చెన్నై పనికెళ్లిపోయాడు. వాయిదాల సంగతి నాకూ తట్టలేదు.

ఏడాదిన్నర తర్వాత వాడు సంక్రాంతికొస్తే, భోగి ముందురోజు రాత్రి పోలీసులు తలుపు కొట్టారు. తెల్లారేసరికి పేటంతా ఒకటే మాట, ఎదురింటోళ్లే పంపించారని. పాపం వాళ్లకేమీ తెలీదు. భోగి మంట దగ్గర మళ్లీ కర్రలు లేచాయి. వారంటు ఇచ్చింది కోర్టని నేను గొంతు పోయేలా చెప్పినా వినేవాడు లేడు. చివరికి లాయరుతో వారంటు రీకాల్ (వెనక్కి తీసుకోమనే) పిటిషన్ వేయించి, రాజీ కేసులు తేల్చే లోక్ అదాలత్‌లో పెట్టించాం. ఎదురింటాయన ఆ రోజు కూలి మానుకుని వచ్చి సంతకం పెట్టాడు. "ఈ మాట అప్పుడే సెప్పుంటే రొండుసార్లు రాజీ పడే పనుండీది కాదు గదా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

మిగతావి గబగబా. ఉచిత లాయరు పనికిరాడని ఎవరన్నారు? స్త్రీలకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద ఆదాయంతో పని లేకుండా లాయర్ని ఇస్తారు, 15100కి ఫోన్ చేయండి. లోక్ అదాలత్‌కి ఫీజు లేదు, అక్కడి తీర్పు మీద అప్పీలూ లేదు. పిల్లల మీద లైంగిక దాడి, అట్రాసిటీ మాత్రం తగువులో పెట్టే విషయాలు కావు. "తప్పు కట్టించి పంపేద్దాం" అనే పెద్దమనిషి ఉంటే లేచి వచ్చేయండి. పిల్లల మీద లైంగిక నేరాల చట్టం పోక్సోలో, తెలిసీ పోలీసులకి చెప్పకపోవడమే నేరం. ఇక మేం పోలీసు ఇన్ఫార్మర్లమనే పుకారుకి జవాబిచ్చే ఓపిక నాకు లేదు. చిన్న గొడవకే వాట్సాప్‌లో "మళ్లీ కర్ఫ్యూ" అని తిప్పేవాళ్లకైతే, 2013 అక్టోబరు కర్ఫ్యూలో పాలప్యాకెట్ కోసం ఎంత అల్లాడామో గుర్తు లేనట్టుంది.

వారంటు వచ్చిందని పారిపోకండి. లాయరుతో మీ అంతట మీరే హాజరైతే చాలాసార్లు కోర్టు రీకాల్ చేస్తుంది. కేసు నంబరు తెలీకపోతే ఈ-కోర్ట్స్ యాప్‌లో పేరుతో వెతకొచ్చు.

నిన్నటావిడ కొడుకు తిరుపూరులో ఉన్నాడట. ఆవిడ ముందే యాప్‌లో వాయిదా తేదీ చూసి చెప్పి, ముందు లాయర్ని కలిసి ఆ తర్వాత అబ్బాయికి టికెట్ చేయించమన్నాను. స్టాంపు పేపర్ని జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టి మళ్లీ కవర్లో దాచుకుంది.