మూత్రంలో రాలిన కణాలకి కొలతలు

మూత్రాశయ క్యాన్సర్ అనుమానం వస్తే యూరాలజిస్ట్ రాసే పరీక్షల్లో రోగికి ఏ నొప్పీ లేనిది యూరిన్ సైటాలజీ. మూత్రాశయం లోపలి పొర నుంచి కణాలు ఎప్పుడూ రాలుతూనే ఉంటాయి కాబట్టి, వాటిని స్లైడ్ మీద పరిచి రంగు వేసి చూస్తారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి చేసే పాప్ స్మియర్‌కి పేరిచ్చిన పాపనికొలావ్, మార్షల్ అనే యూరాలజిస్ట్‌తో కలిసి 1945లోనే దీని గురించి రాశాడు. అన్నట్టు, మనవాళ్లు ఏ మూత్ర పరీక్షకైనా పొద్దున లేవగానే పట్టిందే తీసుకెళ్తారు, దీనికి మాత్రం అది వద్దు. రాత్రంతా మూత్రంలో నానిన కణాలు పాడైపోతాయి.

పాథాలజిస్ట్ చూపంతా కేంద్రకం మీదే. ముదిరిన రకం క్యాన్సర్ కణంలో కేంద్రకం ఉబ్బుతుంది, ముదురు రంగు పడుతుంది, అంచు వంకరలు పోతుంది. సరే, కానీ ఎంత ఉబ్బితే ఉబ్బినట్టు? ఒకరికి అనుమానంగా కనిపించింది పక్క గదిలో ఇంకొకరికి మామూలుగా కనిపిస్తుంది. అందుకే ఈ పరీక్ష రిపోర్టులకి ప్రమాణాలుగా 2016లో వచ్చిన పారిస్ సిస్టమ్ ఒక అంకె పెట్టింది: కణం మొత్తంలో కేంద్రకం వాటా 0.5 దాటితే అనుమానించు, 0.7కి చేరి మిగతా లక్షణాలు కూడా ఉంటే ముదిరిన రకమేమో చూడు అని. మంచిదే గానీ, చాలాచోట్ల ఆ 0.7 కూడా కంటి అంచనానే.

డీఎన్ఏ దగ్గర అలా కాదు, అక్కడ నిజంగానే కొలవచ్చు. 1924లో ఫోయిల్గెన్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త కనిపెట్టిన రంగు డీఎన్ఏ ఎంత ఉంటే అంతే పడుతుంది, కాబట్టి కేంద్రకం ఎంత కాంతిని ఆపిందో చూస్తే అందులో డీఎన్ఏ ఎంతుందో తెలిసిపోతుంది. మామూలు కణంలో 46 క్రోమోజోములు, ఆ డీఎన్ఏని 1 అనుకుందాం. విభజనకి సిద్ధమైన కణంలో అది 2 అవుతుంది. వందల కణాలు కొలిచి గ్రాఫ్ గీస్తే 1 దగ్గర పెద్ద శిఖరం, 2 దగ్గర చిన్నది రావాలి. 1.4 దగ్గరో 1.7 దగ్గరో ఇంకో శిఖరం లేచిందంటే, లెక్క తప్పిన క్రోమోజోములతో ఒక గుంపు పెరుగుతోందన్నమాట.

అయితే 2 దాటిందల్లా క్యాన్సర్ కాదు. మూత్రాశయంలో అన్నిటికన్నా పైపొరలో గొడుగు కణాలు అని ఉంటాయి, ఆరోగ్యంగా ఉన్న మనిషిలోనే అవి భారీగా, కొన్ని రెండేసి కేంద్రకాలతో, రెట్టింపు లేదా అంతకంటే ఎక్కువ డీఎన్ఏతో ఉంటాయి. మెషిన్‌కి ఆ సంగతి తెలియదు, పక్కన చూసే మనిషి ఉండాల్సిందే. లేజర్ ముందు నుంచి కణాలను వేలకొద్దీ పంపి కొలిచే ఫ్లో సైటోమెట్రీలో ఇంకో చిక్కు: ఇన్ఫెక్షన్ వల్ల చేరిన తెల్ల కణాల మందలో నాలుగైదు చెడ్డ కణాలు ఉన్నా లెక్కలోకి రావు.

అసలు పెద్ద లోటు వేరే ఉంది. తక్కువ తీవ్రత గల కణితుల్లో చాలావాటికి డీఎన్ఏ పరిమాణం మామూలుగానే ఉంటుంది, కేంద్రకాలూ దాదాపు మామూలువే. వాటిలో ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 జన్యువులో చిన్న మార్పు, 9వ క్రోమోజోములో కొంత ముక్క పోవడం లాంటివి జరుగుతాయి, మొత్తం డీఎన్ఏ ఎంతుందో చూస్తే అది తేలదు. 3, 7, 17 క్రోమోజోములకీ 9లో ఒక చోటుకీ మెరిసే గుర్తులు అంటించి చూసే ఫిష్ పరీక్ష వచ్చింది అందుకే. అదీ అన్నిటినీ పట్టదు. నా లెక్కలో ఇది మరీ చెడ్డ బేరం కాదు, ఎందుకంటే కండరంలోకి పాకి ప్రాణం మీదకి తెచ్చే రకాన్నే ఈ కొలతలు బాగా పట్టుకుంటాయి. కానీ తక్కువ తీవ్రత రకం మళ్లీమళ్లీ వస్తుంది కాబట్టి, రిపోర్టు నార్మల్ అని వచ్చింది కదా అని మూత్రాశయంలోకి కెమెరా గొట్టం పంపి చూసే సిస్టోస్కోపీ ఎగ్గొడితే కుదరదు.

బయాప్సీ ముక్కల మీద కొలిచేటప్పుడు మరో తిప్పలు. ముక్క మందం నాలుగైదు మైక్రాన్లే, కేంద్రకం అంతకంటే పెద్దది, అంటే సగం కోసిన కేంద్రకాలనే కొలుస్తున్నాం. 1983లో హెడ్లీ అనే పరిశోధకుడి బృందం మందంగా కోసి, ఎంజైముతో చుట్టూ ఉన్నది కరిగించి కేంద్రకాలను పూర్తిగా బయటికి తీయడం నేర్పింది. దాంతో ఏళ్ల తరబడి మైనం దిమ్మల్లో దాచిన పాత కణితులను కూడా కొలిచి, ఆ రోగులకి తర్వాత ఏమైందో రికార్డులతో పోల్చి చూడటం వీలైంది.