వీడియో తీసేయిస్తే పేరు నిలుస్తుందా? కొన్ని అపోహలు - వాస్తవాలు

వ్యాపారం పేరు మీద మచ్చ పడ్డప్పుడు ఏం చేయాలో, జనానికి ఏం చెప్పాలో సలహా ఇచ్చే పని నాది. హనుమకొండలోని నా ఆఫీసుకు వచ్చేవాళ్లలో పెద్ద కంపెనీలు తక్కువ. టిఫిన్ సెంటర్లు, ఫంక్షన్ హాళ్లు, ప్రైవేటు స్కూళ్లు, నర్సింగ్ హోములు, విత్తనాల డీలర్లు, చిట్టీలు నడిపేవాళ్లు ఎక్కువ. వాట్సాప్‌లో తమ గురించి ఏదో తిరుగుతోందని రాత్రిపూట ఫోన్ చేస్తారు. అందరి మొదటి కోరికా దాదాపు ఒకటే.

అపోహ: ఆ వీడియో తీసేయిస్తే గొడవ పోతుంది

రెండేళ్ల కిందట ఒక మెస్ యజమాని రాత్రి పదిన్నరకు ఫోన్ చేశాడు. సాంబారులో పురుగు వచ్చిందని ఒక విద్యార్థి వీడియో పెట్టాడు. "అన్నా, ఎంతైనా ఇస్త. పొద్దుగాల వరకు గా వీడియో ఉండొద్దు" అన్నాడు. అప్పటికే ఆయన తమ్ముడు ఆ పిల్లగాడికి ఫోన్ చేసి బెదిరించాడు. పిల్లగాడు ఆ కాల్ రికార్డు చేసి అది కూడా పెట్టాడు. పురుగు వీడియోను కాలేజీ పిల్లలు చూశారు. బెదిరింపు ఆడియో మాత్రం కాజీపేట నుంచి వరంగల్ స్టేషన్ దాకా పాకింది.

ఇలాంటప్పుడు నేను బార్బ్రా స్ట్రైశాండ్ సంగతి చెబుతాను. ఆమె అమెరికన్ గాయని. కాలిఫోర్నియా తీరం ఫొటోల్లో తన ఇల్లు కనిపిస్తోందని 2003లో 5 కోట్ల డాలర్లకు దావా వేసింది. దావాకు ముందు ఆ ఫొటోను డౌన్‌లోడ్ చేసింది 6 సార్లు. అందులో రెండు ఆమె లాయర్లవే. దావా వార్త బయటికొచ్చాక ఒక్క నెలలో 4 లక్షల మందికి పైగా ఆ సైట్‌కు వెళ్లారు. దాచాలని చూస్తే జనానికి ఆసక్తి పెరుగుతుంది.

డబ్బులిచ్చి తీయించే దారి కూడా లేదు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం సోషల్ మీడియా సంస్థలకు ఫిర్యాదుల అధికారి ఉండాలి, ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలి. మార్ఫింగ్ ఫొటోలు, మన పేరుతో నకిలీ ఖాతాల వంటి వాటికి ఆ దారి ఉపయోగపడుతుంది. ఇలా నిజంగా జరిగినదాన్ని చూపించే వీడియో మీద మామూలుగా పనిచేయదు.

మర్నాడు పొద్దున్నే అన్నదమ్ములిద్దరినీ వెంటబెట్టుకుని ఆ పిల్లగాడి హాస్టల్‌కు వెళ్లాను. ఫోన్లు జేబులోనే ఉంచమన్నాను. తమ్ముడు క్షమాపణ అడిగాడు. మెస్ రెండు రోజులు మూసి, డబ్బాలన్నీ ఖాళీ చేసి, వంటగది కడిగించారు. ఆ తర్వాతే యజమాని ఒక నిమిషం వీడియో పెట్టాడు. ఏం జరిగిందో, ఏం మార్చారో తన యాసలో తనే చెప్పాడు. నేను స్క్రిప్టు రాయలేదు. పోయిన గిరాకీ మెల్లగా మూడు నెలలకు తిరిగొచ్చింది. మొదటి వీడియో ఇప్పటికీ ఉంది.

అపోహ: నోరు మూసుకుని కూర్చుంటే జనం మర్చిపోతారు

ఇందులో సగం నిజం ఉంది. ముక్కూ మొహం తెలియని ఒకరి కామెంటుకు జవాబివ్వకపోయినా కొంపలు మునగవు. కానీ తిండి, పిల్లలు, ప్రాణం, డబ్బు, ఈ నాలుగింటి విషయంలో మౌనాన్ని జనం ఒప్పుకోలు కిందే లెక్కేస్తారు.

2015లో మ్యాగీ విషయంలో అదే జరిగింది. సీసం ఎక్కువుందని వార్తలు చెలరేగుతుంటే నెస్లే గట్టిగా, త్వరగా జనంతో మాట్లాడలేదన్న విమర్శ వచ్చింది. జూన్‌లో నిషేధం పడింది. ఆగస్టులో బాంబే హైకోర్టు దాన్ని కొట్టేసింది, తర్వాతి పరీక్షల్లో నూడుల్స్ నెగ్గాయి. అయినా మళ్లీ దుకాణాలకు వచ్చేసరికి నవంబరు. అంత పెద్ద కంపెనీ కాబట్టి తట్టుకుంది. మన ఊరి దుకాణం ఐదు నెలలు తట్టుకోలేదు.

వరంగల్‌లో ఒక చిట్టీల ఆఫీసు గురించి ఓసారి వాయిస్ మెసేజ్ తిరిగింది, పైసలు ఇస్తలేరని. ఆ మాట అబద్ధం. కానీ జనం ఎగబడతారన్న టెన్షన్‌లో ఓనర్ ఆ రోజుకు షటర్ దించాడు. దించిన షటర్ ఫొటో గంటలో గ్రూపుల్లోకి ఎక్కింది. ఇక ఎవరు నమ్ముతారు? సాయంత్రానికి షటర్ ఎత్తించి, బయట కుర్చీలు వేయించి, వచ్చిన ప్రతి సభ్యుడికీ లెక్కల పుస్తకం చూపించాం. అడిగినవాళ్లకు ఇవ్వాల్సింది ఇచ్చారు. నాలుగు రోజులు పట్టింది.

ఇంకో చోట నిజంగానే డబ్బు లేదు. ఆ పని నేను ఒప్పుకోలేదు. కూలి చేసి చిట్టీ కట్టినవాళ్లకు ధైర్యం చెప్పే మాటలు రాయడానికి నాకు చెయ్యి రాదు.

మొదటి ప్రకటనలో మూడు సంగతులు చాలు: మాకు తెలిసింది ఇది, ఇంకా తెలియంది ఇది, మళ్లీ ఫలానా టైముకు చెబుతాం. ఆ టైముకు కొత్త సంగతి ఏమీ లేకపోయినా వచ్చి ఆ మాటే చెప్పాలి.

అపోహ: కేసు వేస్తామంటే భయపడతారు

"66ఏ కింద కేసు పెడతాం" అని ఇప్పటికీ అంటుంటారు. ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన రాతలకు శిక్ష వేసే ఐటీ చట్టం సెక్షన్ అది. దాన్ని సుప్రీంకోర్టు 2015 మార్చిలోనే కొట్టేసింది. పరువునష్టం ఇప్పుడు, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కిందికి వస్తుంది. ప్రజల మేలు కోసం చెప్పిన నిజానికి అందులోనే మినహాయింపు ఉంది. కస్టమర్ చెప్పింది నిజమైతే నోటీసు పంపి సాధించేదేమీ లేదు.

వీడియో ఆపాలంటే ఇంత ఇవ్వమని బెదిరించేవాళ్ల సంగతి వేరు. వాళ్లకు పైసా ఇవ్వొద్దు, ఇస్తే మళ్లీ వస్తారు. మెసేజ్‌లు చెరపకండి. లింకు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి పోలీసుల దగ్గరికి వెళ్లండి.

అపోహ: మంచి రివ్యూలు కొంటే చెడ్డవి కిందికి పోతాయి

కొనొద్దు. గూగుల్ నకిలీ రివ్యూలను తీసేస్తుంది. చదివేవాళ్లూ పసిగడతారు. ఒక్క రోజులో ఒకే రకం వాక్యాలతో ఇరవై పొగడ్తలు ఎలా వస్తాయి?

అపోహ: కష్టం వచ్చినప్పుడు చూసుకుందాం

ఒక స్కూలు బస్సు పొద్దున పూట రోడ్డు దిగి ఆగిపోయింది. పిల్లలకు దెబ్బలేమీ తగల్లేదు. అటుగా పోయేవాళ్లు తీసిన వీడియో మాత్రం తల్లిదండ్రుల కంటే ముందు ఊరందరికీ చేరింది. స్కూలు ఫేస్‌బుక్ పేజీ పాస్‌వర్డ్ ఎప్పుడో ఉద్యోగం మానేసిన వ్యక్తి దగ్గరుంది. తల్లిదండ్రుల నంబర్లు ఆఫీసు కంప్యూటర్‌లో ఉన్నాయి, కరెంటు లేదు. గంటన్నర సేపు తల్లులు గేటు దగ్గర ఏడుస్తూ నిలబడ్డారు. ఆ గంటన్నర నేను మర్చిపోలేను.

ఇప్పుడు ఆ స్కూల్లో ప్రతి బస్సులో పిల్లల పేర్లు, ఇంటి నంబర్లు రాసిన కాగితం ఉంటుంది. ఏదైనా జరిగితే ఏ టీచరు ఏ ఇళ్లకు ఫోన్ చేయాలో కూడా అందులోనే ఉంది. ఏటా జూన్‌లో స్కూలు తెరిచాక, ఆ కాగితం మార్చారా అని నేనే ఫోన్ చేసి అడుగుతాను.