"అర్థం కాలేదు" అంటే కథ విప్పి చెప్పమని కాదు

"ఏటన్నా ఇది, డెమో ఆడినోళ్లంతా అర్థం కాలేదంటన్నారు. మొదట్లోనే వాయిస్ ఓవర్‌లో కథంతా చెప్పేయమంటావా?"

చిన్న గేమ్ టీములకి ప్లేటెస్టులు నడపడం, అంటే విడుదలకి ముందు జనంతో గేమ్ ఆడించి చూడడం నా పని. విశాఖలో మిస్టరీ గేమ్ చేస్తున్న కుర్రాళ్ల నుంచి ఈ ఫోన్ వస్తూనే ఉంటుంది. అది కలలాంటి, వింత పాయింట్ అండ్ క్లిక్ (స్క్రీన్ మీద వస్తువుల్ని నొక్కుతూ ఆడే గేమ్) అయితే ఇక చెప్పక్కర్లేదు. వాళ్ల టెన్షన్ నాకు తెలుసు. కానీ ఈ ఒక్క అపోహ మింగినన్ని నెలలు ఇంకేదీ మింగడం నేను చూడలేదు.

అపోహ: అర్థం కాలేదన్నారంటే గేమ్ మరీ వింతగా ఉన్నట్టు, కథ వివరించాలి.

వాస్తవం: చాలాసార్లు ఆ మాట కథ గురించి కాదు. ప్లేయర్ ఎక్కడో ఇరుక్కున్నాడు. ఎందుకో తనకీ తెలియదు. స్క్రీన్ మీద అన్నిటికన్నా వింతగా ఏది కనిపిస్తే దాని మీదికి తోసేస్తాడు.

గాజువాక నుంచి ఇద్దరు ఒక గేమ్ తెచ్చారు. లైట్‌హౌస్ కాపలాదారు మాయమవుతాడు. టికెట్లు అమ్మేది కళ్లజోడు పెట్టుకున్న వంజరం. సొరుగు తెరిస్తే సముద్రపు హోరు. ఫీడ్‌బ్యాక్ ఫారాల నిండా "చేప ఎవరు?", "కథ అర్థం కాలేదు" అనే రాశారు. పాపం, చేప పూర్వకథ చెప్పడానికి డైరీ పేజీలు రాయడం కూడా మొదలెట్టేశారు. ఆపండి తమ్ముడూ, ముందు స్క్రీన్ రికార్డింగులు చూపించండన్నాను. చూస్తే అందరూ ఒకే గదిలో ఆగిపోయారు. గోధుమరంగు అల్మరాలో గోధుమరంగు తాళంచెవి, దాని హాట్‌స్పాట్, అంటే నొక్కితే పనిచేసే చోటు, ఆవగింజంత. తాళంచెవి దొరికినవాళ్లలో ఒక్కరూ చేప గురించి అడగలేదు. రంగు మార్చి, హాట్‌స్పాట్ పెంచి మళ్లీ ఆడించాం. ఈసారి వంజరానికి అభిమానులు తయారయ్యారు!

1999లో వచ్చిన గాబ్రియేల్ నైట్ 3లో పిల్లి వెంట్రుకలతో మీసం చేసే పజిల్‌ని జనం ఇప్పటికీ వెక్కిరిస్తారు. ఆ గేమ్ జరిగేది కలలో కాదు, ఫ్రాన్స్‌లో నిజంగా ఉన్న ఒక ఊళ్లో. 2003 నాటి సామొరోస్ట్ ప్రాగ్‌లో ఒక విద్యార్థి చదువులో భాగంగా చేసింది. అందులో సంభాషణలే లేవు, లోకమంతా విచిత్రమే, అయినా జనం ఇష్టంగా ఆడారు. అంటే లోకం వింతైనా పర్లేదు, దాని రూల్స్ మాత్రం మారకూడదు. చేప టికెట్లు అమ్మొచ్చు. కానీ మొదటి గదిలో ఉప్పునీళ్లు ఇనుముని తుప్పు పట్టిస్తే, మూడో గదిలోనూ పట్టించాలి. ప్లేయర్ అడిగేది అంతే.

అందుకే "అర్థమైందా?" అని అడగొద్దు. "ఇప్పుడేం చేద్దామనుకుంటున్నావు?" అని అడిగి నోరు మూసుకుని వెనక కూర్చోండి. తప్పో ఒప్పో ఒక ప్లాన్ చెప్పాడంటే గేమ్ ఎక్కినట్టే. ఇన్వెంటరీలో (గేమ్‌లో పోగేసుకున్న వస్తువుల సంచిలో) ఉన్నవన్నీ ప్రతిదానికీ రుద్దుతున్నాడంటే, రిపేరు అక్కడ.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను.

హింట్లు పెడితే మిస్టరీ చచ్చిపోతుందట. 2009లోనే మెషినేరియం గేమ్‌లోపలే హింటూ, పజిల్ ఎలా విప్పాలో చూపించే వాక్‌త్రూ పుస్తకమూ పెట్టింది. మీరు ఇవ్వకపోతే యూట్యూబ్ ఇస్తుంది, అది తర్వాతి మూడు పజిళ్లు కూడా చెప్పేస్తుంది.

గేమ్ రెండు గంటలు దాటకపోతే అందరూ రీఫండ్ తీసుకుంటారట. గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్ రూలు నిజమే: కొన్న 14 రోజుల్లోపు, 2 గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే అడగొచ్చు. దానికి భయపడి ప్లేయర్‌ని ఊరికే గదుల మధ్య తిప్పితే, రీఫండ్‌తో పాటు తిట్లూ వస్తాయి. ఈ పుకారు ఎవరు పుట్టించారోగానీ!

ఫ్రెండ్స్‌కి ఉచితంగా కీలు (స్టీమ్‌లో గేమ్ తెరిచే కోడ్‌లు) పంచి పాజిటివ్ రివ్యూలు రాయించుకుందామనేది ఇంకో తెలివి. 2016 నుంచి కీతో వచ్చిన రివ్యూలని స్టీమ్ స్కోరులో కలపదు. ఆర్కే బీచ్‌లో మొక్కజొన్న పొత్తు తింటూ వాళ్లు "సూపర్ మామా" అన్నదీ అలాంటిదే. మా పెద్దమ్మ నయం. గేమ్ అంటే తెలియదు, తలుపు ఉంటే తలుపే నొక్కుతుంది, తెరుచుకోకపోతే నన్ను తిడుతుంది.

స్టీమ్‌లో గేమ్ మీద "మిక్స్‌డ్" (మిశ్రమ స్పందన) పడగానే అంతా అయిపోయిందని ఏడ్చినవాళ్లని చూశాను. పాజిటివ్ 40 నుంచి 69 శాతం మధ్య ఉంటే ఆ ముద్ర పడుతుంది. రివ్యూలు కొన్నే ఉన్నప్పుడు ఒకటి రెండు చాలు, అటో ఇటో మారిపోవడానికి. రాసినవాళ్లు తర్వాత మార్చుకోవచ్చు కూడా. ఆ రాత్రి కోపంగా జవాబు రాయకుండా పడుకోండి. పొద్దున్నే రివ్యూ కింద ఒక్క ప్రశ్న పెట్టండి: "ఏ గదిలో ఆగిపోయారండీ?"