క్రూజర్ బండి: మెత్తదనం, సుఖం, కంట్రోల్ మీద షెడ్డులో రోజూ వినే అపోహలు

నల్లగొండలో మా మెకానిక్ షెడ్డుకు వచ్చే క్రూజర్ బండ్లలో (సీటు కిందికి ఉండి, కాళ్లు ముందుకు చాచి కూర్చునే మోటార్ సైకిళ్లు) చాలావాటికి ఒకటే కంప్లైంట్. ఇంజన్ గురించి కాదు, మైలేజీ గురించీ కాదు. "అన్నా, నడుము పోతున్నది. షాకప్‌లు జర మెత్తగ చెయ్‌రాదు?" అని అడుగుతారు. రెండు లక్షలకు పైగా పెట్టి, ఇష్టపడి కొనుక్కున్న బండి మీద కూర్చోవాలంటేనే భయపడే పరిస్థితి వస్తే నాకు నిజంగా బాధనిపిస్తుంది. ఎందుకంటే చాలాసార్లు బండిలో తప్పుండదు. కొనేటప్పుడు చూసుకోవలసింది ఒకటైతే చూసుకున్నది మరొకటి.

అపోహ: సీటు, షాకప్‌లు ఎంత మెత్తగా ఉంటే దూరప్రయాణం అంత సుఖం.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే, అందుకే ముందు దీని గురించి చెబుతాను. షోరూమ్‌లో కూర్చున్న ఐదు నిమిషాలు మెత్తటి ఫోమ్ దూది పరుపులా ఉంటుంది. అరగంట దాటాక ఆ ఫోమ్ అణిగిపోయి, మీరు కింద ఉన్న ప్లేటు మీద కూర్చున్నట్టే అవుతుంది. సీటు మీద మోకాలు పెట్టి ఒంటి బరువంతా వేసి చూడండి. కింద గట్టిగా తగిలితే ఆ సీటు మీద విజయవాడ దాకా పోలేరు. మొదట కొంచెం గట్టిగా అనిపించినా, మోకాలి కింద నెమ్మదిగా అణిగే ఫోమే రెండో గంటలో మిమ్మల్ని కాపాడుతుంది.

షాకప్‌ల సంగతి ఇంకా ముఖ్యం. షాకప్ ఎంత దూరం కదలగలదో దానికో లెక్క ఉంటుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మెటియోర్ 650కి ముందు 120 మి.మీ., వెనక 101 మి.మీ. మాత్రమే. సీటు కిందికి దించాలంటే వెనక కదలిక తగ్గించక తప్పదు, చాలా క్రూజర్లకు ఉన్న ఇబ్బందే ఇది. ఉన్న కొద్ది కదలికలో స్ప్రింగ్ మరీ మెత్తగా ఉంటే గుంతలో పడగానే షాకప్ చివరిదాకా కూర్చుంటుంది. ఆ తర్వాతి దెబ్బ నేరుగా వెన్నెముకకే. మామూలు బండి మీదైతే స్పీడ్ బ్రేకర్ రాగానే ఫుట్‌రెస్టుల మీద బరువు వేసి నడుము కొంచెం లేపుతాం. క్రూజర్‌లో కాళ్లు ముందుకు చాచి ఉంటాయి కాబట్టి లేవడం కుదరదు.

పోయిన ఎండాకాలం హాలియా నుంచి ఒక తమ్ముడు భార్యతో కలిసి మెటియోర్ 350 మీద వచ్చాడు. షాకప్‌లు పోయాయి, కొత్తవి వెయ్యమన్నాడు. వంగి చూస్తే ఆయిల్ లీకేజీ లేదు, రాడ్లు శుభ్రంగా ఉన్నాయి. కానీ స్ప్రింగ్ కింద తిప్పే రింగు మొదటి మెట్టులోనే ఉంది. ఆ బండికి ఆరు మెట్లుంటాయి. ఇద్దరినీ బండి మీద కూర్చోబెట్టి వెనక చక్రం ఇరుసు నుంచి సీటు కింది దాకా టేపుతో కొలిచాను. ఉన్న కదలికలో దాదాపు సగం వాళ్ల బరువుకే అయిపోయింది. ఇక గుంతకు మిగిలిందెంత? సి స్పానర్ (రింగు తిప్పే కొక్కెం లాంటి పానా) పెట్టి రెండు వైపులా రింగును నాలుగో మెట్టుకు తిప్పాను. "అన్నా, ఇంకా గట్టిగైతది గదా" అన్నాడు. దేవరకొండ రోడ్డు మీద పోయి రమ్మన్నాను. తిరిగి వచ్చాక ముందు మాట్లాడింది వెనక కూర్చున్న చెల్లెలే: "ఇప్పుడు ఎగరేస్తలేదు అన్నా."

ఆ రింగు తిప్పితే స్ప్రింగ్ గట్టిపడదు. అదే స్ప్రింగ్, అదే బలం. మీరు కూర్చున్నప్పుడు బండి ఎంత కిందికి దిగాలన్నదే మారుతుంది. ఇద్దరు ఎక్కినా మొత్తం కదలికలో మూడో వంతుకు మించి దిగకుండా చూసుకుంటే మిగతాదంతా రోడ్డు కోసం ఉంటుంది. పైసా ఖర్చు లేని పని ఇది. టూల్ కిట్‌లో స్పానర్ లేకపోతే ఏ మెకానిక్ దగ్గరైనా ఐదు నిమిషాల్లో అయిపోతుంది.

అపోహ: బరువున్న బండి హైవే మీద ఊగదు, పట్టు ఎక్కువ.

బజాజ్ అవెంజర్ క్రూజ్ 220 బరువు 163 కిలోలు. సూపర్ మెటియోర్ 241 కిలోలు. 78 కిలోల తేడా, అంటే ఇంకో మనిషంత. కానీ రెండు చక్రాల మధ్య దూరం చూడండి: ఒకదానికి 1490 మి.మీ., ఇంకోదానికి 1500. నార్కట్‌పల్లి నుంచి సూర్యాపేట వైపు నేరుగా పోయే రోడ్డు మీద బండిని నిలకడగా ఉంచేది ముఖ్యంగా ఈ పొడవు, ముందు ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కడ్డీలు) వాలు. ఆఫీసు కుర్చీ చక్రం చూశారు కదా, కుర్చీని ఎటు తోస్తే అటు తనంతట తానే సర్దుకుంటుంది. ఫోర్క్ వాలు వల్ల ముందు చక్రం కూడా అట్లాగే హ్యాండిల్‌ను నేరుగా తెచ్చుకుంటుంది. ఆ నిలకడకు బదులు ఇచ్చుకోవాల్సింది కూడా ఉంది. ప్రకాశం బజార్ లాంటి ఇరుకులో బండి తిప్పేటప్పుడు, వంపులో దిశ మార్చేటప్పుడు బండి నిదానంగా కదులుతుంది. బరువు ఎక్కువైతే బ్రేకు వేసినప్పుడు ఆగడానికి, పెట్రోల్ బంకులో వెనక్కి నెట్టడానికి మీకే శ్రమ.

80 దాటగానే హ్యాండిల్ ఊగుతోందంటే "బండి తేలిక, అందుకే" అనుకోకండి. నేను ముందు టైర్లలో గాలి చూస్తాను, తర్వాత కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు), తర్వాత స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చెయ్యి) బుష్‌లు, ఆ తర్వాత వెనక కట్టిన బ్యాగు. సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లు ముందు చక్రాన్ని గాల్లోకి లేపి, ఒక వేలితో హ్యాండిల్‌ను అటూ ఇటూ తిప్పి చూడండి. మధ్యలో టక్కున పట్టేసినట్టయితే కోన్ సెట్ పోయినట్టే.

అపోహ: సీటు ఎంత కిందికి ఉంటే బండి అంత కంట్రోల్‌లో ఉంటుంది.

ఆగినప్పుడు నిజమే. పొట్టివాళ్లకు, కొత్తగా నేర్చుకున్నవాళ్లకు రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనడం పెద్ద ధైర్యం, దాన్ని నేను తక్కువ చేయను. కానీ బండి కదిలాక లెక్క మారుతుంది. మెటియోర్ 350 సీటు ఎత్తు 765 మి.మీ., నేలకు బండికి మధ్య ఖాళీ 170. సూపర్ మెటియోర్ సీటు 740, ఖాళీ 135 మాత్రమే. మన పల్లెల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు వేసుకున్న స్పీడ్ బ్రేకర్ల మీద ఈ 35 మి.మీ. తేడా ఇద్దరు ఎక్కినప్పుడు బాగా తెలుస్తుంది.

ఇంకా బాగా తెలిసేది శ్రీశైలం దారిలో. దేవరకొండ, డిండి మీదుగా పోయి, మన్ననూరు దాటి అడవిలోకి వెళ్లాక వంపులు మొదలవుతాయి. ఈగలపెంట దాటి డ్యామ్ వైపు దిగే ఘాట్‌లో మలుపులు మరీ ఇరుకు. కిందికి ఉన్న బండిని వంచితే ఫుట్‌రెస్ట్ తొందరగా రోడ్డుకు రాసుకుంటుంది. చాలా బండ్ల ఫుట్‌రెస్ట్ కింద చిన్న బోల్టులాంటి ముక్క ఉంటుంది. ఇంకా వంచొద్దని ముందే హెచ్చరించడానికే అది. శ్రీశైలం పోయి వచ్చిన బండ్లకు ఆ ముక్క ఒకవైపు వాలుగా అరిగి, వెండిలా మెరుస్తూ ఉంటుంది. గర్రుమని చప్పుడు రాగానే కంగారుపడి బండిని ఒక్కసారిగా నిటారుగా లేపితే అవతలి లేన్‌లోకి పోతారు. స్పీడు మలుపుకు ముందే తగ్గించుకోవాలి. చప్పుడు వచ్చినా చూపు మలుపు చివర మీదే ఉంచి, ఒంటిని మాత్రం లోపలి వైపు కొంచెం వాల్చాలి. ఫుట్‌రెస్ట్ అయితే పైకి మడుచుకుంటుంది. సైలెన్సరో, స్టాండో తగిలితే మడుచుకోదు, చక్రాన్నే లేపేస్తుంది. దయచేసి ఈ ఒక్క సంగతి తేలిగ్గా తీసుకోకండి.

అపోహ: వెనక టైరు లావుగా ఉంటే పట్టు పెరుగుతుంది.

లావు టైరు చూడ్డానికి బాగుంటుంది. కానీ అదే మలుపును అదే స్పీడులో తీసుకోవాలంటే లావు టైరున్న బండిని కాస్త ఎక్కువ వంచాలి, పైన చెప్పిన ఫుట్‌రెస్ట్ ఇబ్బంది ఇంకా ముందే వస్తుంది. రిమ్ముకు మించిన టైరు వేస్తే దాని ఆకారమే మారిపోయి బండి మలుపులో మొండికేస్తుంది. కోతల కాలంలో మిర్యాలగూడ వైపు పోయేవాళ్లకు తెలుసు, సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. గింజల మీద ఏ టైరుకూ పట్టు ఉండదు. ముందే నెమ్మదించి, బండిని నిటారుగా ఉంచి, వాటి మీద బ్రేకు ముట్టకుండా దాటాలి.

అపోహ: గాలి కొంచెం తగ్గిస్తే కుదుపులు తగ్గుతాయి.

వద్దు. తక్కువ గాలితో టైరు పక్కలు ఎక్కువ నలిగి వేడెక్కుతాయి. మన మే నెల ఎండలో, ఇద్దరి బరువుతో హైవే మీద అది ప్రమాదం. హ్యాండిల్ కూడా బరువెక్కుతుంది. కంపెనీ చెప్పిన గాలినే, పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడు చూసుకోండి.

ఇక టెస్ట్ రైడ్. షోరూమ్ ముందు రెండు రౌండ్లు కొడితే ఏమీ తెలియదు. మీరు రోజూ తిరిగే రోడ్డు మీద అరగంట ఇవ్వమని అడగండి, ఇవ్వకపోతే మళ్లీ ఇంకో రోజు పోండి. ముందు ఫోర్క్ రాడ్ బయటికి కనిపించే బండి అయితే దానికి ఒక జిప్ టై (వైర్లు కట్టే ప్లాస్టిక్ పట్టీ) వదులుగా కట్టి కిందికి జరపండి. తిరిగి వచ్చాక అది ఎక్కడిదాకా జరిగి ఆగిందో చూస్తే షాకప్ ఎంత వాడుకుందో కళ్లకు కనిపిస్తుంది. మామూలు రోడ్డు మీదే చివరిదాకా వెళ్లిందంటే అది మీ బరువుకు సరిపోని సెట్టింగ్. ఇరుకు రోడ్డులో హ్యాండిల్ పూర్తిగా తిప్పి ఒక యూ టర్న్ తీసుకోండి. మోచేతులు కొంచెం వంగి ఉన్నాయా, చెయ్యి పూర్తిగా చాపాల్సి వస్తోందా గమనించండి.

మీతో రోజూ వెనక కూర్చునే మనిషిని కూడా ఎక్కించుకునే పోండి. అమ్మ కావచ్చు, భార్య కావచ్చు. వెనక సీటు దాదాపు వెనక చక్రం మీదే ఉంటుంది కాబట్టి గుంత దెబ్బ మీకంటే వాళ్లకే ఎక్కువ తగులుతుంది. క్రూజర్లలో వెనక సీటు చాలావాటికి చిన్నది, పట్టుకోవడానికి కడ్డీ కూడా కొన్నిటికి విడిగా కొనాలి. బండి దిగగానే మీ అభిప్రాయం చెప్పేయకండి. ముందు వాళ్లను చెప్పనివ్వండి.