నంబరు వేరు, లైను వేరు: ఆఫీసు ఫోన్లలో డీఐడీ, కాలర్ ఐడీపై అపోహలు - వాస్తవాలు

ఆఫీసుకు పీఆర్ఐ (ఒకేసారి చాలా కాల్స్ మోసే డిజిటల్ లైను) గానీ సిప్ ట్రంక్ (ఐపీ నెట్‌వర్క్ మీద కాల్స్ మోసే కనెక్షన్) గానీ పెట్టించాక వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువగా వినబడేవి రెండు. ఒకటి, "ఫలానా నంబరుకు కాల్ రావట్లేదు". రెండోది, "మేం చేస్తే అవతలివాళ్లకు మా నంబరు కాకుండా ఇంకేదో కనబడుతోంది". మొదటిది డీఐడీ (ఆపరేటర్‌తో పని లేకుండా బయటివాళ్లు నేరుగా పిలిచే నంబరు) సంగతి, రెండోది కాలర్ ఐడీ (అవతలివాళ్లకు కనబడే నంబరు) సంగతి. రెండూ ఒకే సెట్టింగ్ అనుకుని ఒకదాన్ని సరిచేయబోయి రెండోదాన్ని చెడగొట్టడం మామూలే.

అపోహ: వంద డీఐడీ నంబర్లు తీసుకుంటే వంద లైన్లు ఉన్నట్టే.

వాస్తవం: లైన్లంటే ఛానెళ్లు. ఈ1 రకం పీఆర్ఐ ఒకదాంట్లో 32 టైమ్‌స్లాట్లు ఉంటాయి. 0వ స్లాట్ సింక్‌కు (రెండువైపులా కాలం కలపడానికి), 16వది సిగ్నలింగ్‌కు (కాల్ మొదలు, ముగింపు కబుర్లకు) పోతాయి. మిగిలిన 30లోనే మాటలు నడుస్తాయి, ఒక్కో దానికి 64 కేబీపీఎస్. టీ1 రకం వాడే దేశాల్లో ఆ లెక్క 23. నంబర్లు వందున్నా వెయ్యున్నా వచ్చేవీ పోయేవీ కలిపి ఒకేసారి 30 కాల్స్, అంతే. తిరగేసి చూసినా ఇదే: ఒక్క డీఐడీ నంబరుకు ఒకేసారి పది కాల్స్ రావచ్చు, పీబీఎక్స్ (ఆఫీసులో కాల్స్‌ను ఫోన్లకు పంచే వ్యవస్థ) వాటిని క్యూలో పెట్టగలిగితే చాలు.

ఇక్కడ చాలామంది గమనించనిది ఒకటుంది. 30 ఛానెళ్లూ నిండాక వచ్చిన 31వ కాల్ ఎక్స్ఛేంజ్ దగ్గరే ఆగిపోతుంది. పీబీఎక్స్ వరకు రాదు కాబట్టి మీ కాల్ రిపోర్టులో దాని జాడే ఉండదు. "రిపోర్టులో మిస్డ్ కాల్స్ లేవు, కస్టమర్లు మాత్రం బిజీ అంటున్నారు" అని ఎవరైనా అంటే ముందు చూడాల్సింది రద్దీ గంటలో ఒకేసారి ఎన్ని ఛానెళ్లు వాడకంలో ఉన్నాయన్నది. బయటికి చేసే కాల్స్ విషయంలో కాజ్ కోడ్ (కాల్ ఎందుకు ఆగిందో చెప్పే అంకె) దారి చూపిస్తుంది: 17 వస్తే అవతలి మనిషి బిజీ, 34 వస్తే ఖాళీ ఛానెల్ లేదు.

అపోహ: డీఐడీ నంబరు నేరుగా ఆ టేబుల్ మీది ఫోనుకే కట్టి ఉంటుంది.

వాస్తవం: ఎక్స్ఛేంజ్‌కు మీ టేబుళ్ల గొడవ తెలియదు. కాల్ మొదలయ్యేటప్పుడు పంపే సెటప్ మెసేజ్‌లో "పిలిచిన నంబరు" అని కొన్ని అంకెలు పెట్టి పంపుతుంది. ఆ అంకెలతో ఏం చేయాలో తేల్చేది పీబీఎక్స్. అసలు ఎన్ని అంకెలు పంపాలన్నది కనెక్షన్ ఇచ్చేటప్పుడే మాట్లాడుకోవాలి: పూర్తి నంబరా, చివరి నాలుగా, మూడా.

ఉదాహరణకు మీ నంబర్లు 4000 నుంచి 4099 వరకు, లోపలి ఎక్స్‌టెన్షన్లు 200 నుంచి 299 వరకు అనుకుందాం. ఎక్స్ఛేంజ్ 4037 పంపుతుంది. పీబీఎక్స్ ముందు రెండంకెలు కొట్టేసి, 2 తగిలించి, 237ను మోగిస్తుంది. బాగానే నడుస్తుంది, ప్రొవైడర్ అటువైపు ఏదో అప్‌గ్రేడ్ చేసి నాలుగంకెల బదులు పూర్తి నంబరు పంపడం మొదలుపెట్టే దాకా. ఆ క్షణం నుంచి ఒక్క ఇన్‌కమింగ్ కాల్ కూడా పడదు. ముందు రెండంకెలు పోయాక ఇంకా బారెడు నంబరు మిగులుతుంది, అలాంటి ఎక్స్‌టెన్షన్ ఉండదు, పీబీఎక్స్ కాజ్ కోడ్ 1తో, అంటే అలాంటి నంబరే లేదంటూ, తిప్పికొడుతుంది. బయటికి కాల్స్ మాత్రం శుభ్రంగా వెళ్తుంటాయి కాబట్టి లైను బాగానే ఉందని అందరూ అనుకుంటారు.

దీనికి మందు: అంకెల్ని ఎడమ నుంచి కొట్టేయకుండా కుడి నుంచి లెక్కపెట్టి చివరి రెండు తీసుకోవడం. ఆస్టరిస్క్ (ఒక పీబీఎక్స్ సాఫ్ట్‌వేర్) డయల్‌ప్లాన్‌లో, అంటే ఏ కాల్ ఎటు పోవాలో రాసే నియమాల్లో అయితే, ఆఫ్‌సెట్ (అంకెలు ఎక్కడి నుంచి తీసుకోవాలన్న లెక్క) 2 బదులు -2 రాస్తే సరి. దాంతో పాటు ప్యాటర్న్ (నియమం ఏ నంబర్లకు వర్తిస్తుందో చెప్పే నమూనా) కూడా పూర్తి నంబరుకు సరిపోయేలా ఉండాలి, లేకపోతే కాల్ ఆ నియమం దాకానే రాదు. ఎవరికీ కేటాయించని నంబర్లను ఆపరేటర్‌కు మళ్లించండి. వదిలేస్తే ఒక్క అంకె తప్పు నొక్కిన కస్టమర్‌కు "ఈ నంబరు మనుగడలో లేదు" అని వినిపిస్తుంది, కంపెనీ మూతపడిందేమో అనుకుంటాడు.

అపోహ: పీబీఎక్స్‌లో ఏ నంబరు రాస్తే అవతల అదే కనబడుతుంది.

వాస్తవం: రాయడం మీ చేతిలో ఉంది, ఒప్పుకోవడం ప్రొవైడర్ చేతిలో ఉంది. మీరు పంపిన నంబరు మీకిచ్చిన వరసలోదేనా అని ఎక్స్ఛేంజ్ సరిచూస్తుంది. దీన్నే స్క్రీనింగ్ అంటారు. ఆ వరసలోది కాకపోతే చాలాచోట్ల దాన్ని తీసేసి మీ పైలట్ నంబరు (కంపెనీ ప్రధాన నంబరు) పెడుతుంది, కొన్నిచోట్ల కాల్‌నే ఆపేస్తుంది. నంబరు మీదే అయినా రూపం తప్పితే ఇదే గతి. నంబరు రకం "నేషనల్" అని పెట్టి అంకెల ముందు మళ్లీ సున్నా చేర్చడం అందరూ చేసే పొరపాటు. ఆ సున్నా పని "నేషనల్" అన్న మాటలోనే అయిపోయింది.

తప్పు ఎవరిదో తేల్చడానికి వాదన అక్కర్లేదు. ఆస్టరిస్క్‌లో "పీఆర్ఐ సెట్ డీబగ్ ఆన్ స్పాన్ 1" ఆదేశంతో లైను మీది మెసేజ్‌లు కనబడేలా చేసి, 237 నుంచి ఒక మొబైల్‌కు కాల్ చేయండి. బయటికి పోయే సెటప్ మెసేజ్‌లో "కాలింగ్ నంబర్" వరస చూడండి. అక్కడ 4037 సరిగ్గా ఉండి మొబైల్లో పైలట్ నంబరు, అంటే 4000, కనబడితే మార్చింది ప్రొవైడర్. అక్కడే 4000 ఉంటే మీ పీబీఎక్స్. సిప్ అయితే ఇన్వైట్ మెసేజ్ (కాల్ మొదలుపెట్టే మెసేజ్) చూడాలి. అందులో నంబరు హెడర్లనే గడుల్లో ఉంటుంది: ఫ్రమ్ హెడర్ వేరు, పీ-అసర్టెడ్-ఐడెంటిటీ హెడర్ వేరు. ప్రొవైడర్ ఏ హెడర్ చూస్తాడో ముందే అడిగి రాసిపెట్టుకుంటే సగం రోజు మిగులుతుంది.

అపోహ: ఆఫీసు కాల్ మొబైల్‌కు ఫార్వర్డ్ చేస్తే అసలు ఫోన్ చేసినవాళ్ల నంబరే కనబడుతుంది.

వాస్తవం: పీబీఎక్స్ ఫార్వర్డ్ చేయడమంటే లోపలికి వచ్చిన కాల్‌కు బయటికి ఇంకో కొత్త కాల్ కలపడం. ఒక్క సంభాషణకు రెండు ఛానెళ్లు ఖర్చవుతాయి. ఆ కొత్త కాల్‌లో కస్టమర్ నంబరు పెడితే అది మీ వరసలోది కాదు కాబట్టి స్క్రీనింగ్‌లో పోతుంది. పీఆర్ఐలో రీడైరెక్టింగ్ నంబరుగా (కాల్‌ను మళ్లించిన నంబరుగా), సిప్‌లో డైవర్షన్ హెడర్‌గా మీ డీఐడీని జతచేస్తే కొందరు ప్రొవైడర్లు ఒప్పుకుంటారు. అదీ ముందుగా అడిగి తెరిపించుకుంటేనే.

అపోహ: నంబరు దాచిపెడితే ఇక ఎవరికీ తెలియదు.

వాస్తవం: నంబరు ఎప్పటిలాగే వెళ్తుంది, పక్కన "చూపించవద్దు" అన్న గుర్తుతో. మాట విని దాచేది చివరి ఎక్స్ఛేంజ్. ఎమర్జెన్సీ సేవలకు సాధారణంగా అది కనబడుతుంది. అసలు ప్రమాదం వేరేచోట ఉంది: వేరే ఊళ్లోని బ్రాంచి కాల్స్ కూడా హెడ్డాఫీసు ట్రంక్ మీదుగా పైలట్ నంబరుతో పోతుంటే, ఎమర్జెన్సీ కాల్‌కు సాయం హెడ్డాఫీసు చిరునామాకు చేరొచ్చు. కనీసం ఆ కాల్స్‌నైనా బ్రాంచి సొంత లైను మీదుగా, సొంత నంబరుతో పంపాలి.

అపోహ: అమెరికాలో కాల్స్‌కు డిజిటల్ సంతకం వచ్చింది కాబట్టి సంతకం ఉంటే మోసం కాదు.

వాస్తవం: అక్కడ రోబోకాల్స్‌ను అడ్డుకోవడానికి తెచ్చిన 2019 ట్రేస్డ్ చట్టం తర్వాత, 2021 జూన్ 30 గడువుతో పెద్ద ప్రొవైడర్లు తమ ఐపీ నెట్‌వర్కుల్లో కాల్స్‌కు ఈ సంతకం చేసే షేకెన్ విధానం పెట్టాల్సి వచ్చింది. సంతకం చెప్పేది ఒక్కటే: ప్రొవైడర్‌కు ఈ కస్టమర్ ఎవరో, ఆ నంబరుపై అతనికి హక్కు ఉందో లేదో ఎంతవరకు తెలుసన్నది. రెండూ తెలిస్తే "ఏ" (A) గ్రేడు, మనిషి తెలిసి హక్కు తెలియకపోతే "బీ" (B), కాల్ గేట్‌వే (వేరే నెట్‌వర్క్ నుంచి వచ్చే ద్వారం) దాటి వచ్చిందన్నది తప్ప ఏమీ తెలియకపోతే "సీ" (C). ఫోన్ చేసేవాడి బుద్ధికి గ్రేడు లేదు. డీఐడీలు ఒకరి దగ్గర కొని కాల్స్ ఇంకొకరి ట్రంక్ మీద పంపే కంపెనీలకు బీ పడితే ఆశ్చర్యం లేదు. ఆ నంబర్లు మీవేనన్న పత్రాలు రెండో ప్రొవైడర్‌కు ఇచ్చి చూడండి.

అపోహ: కాలర్ ఐడీ రావాలంటే రెండు రింగులు ఆగాలి.

వాస్తవం: అది అనలాగ్ లైను అలవాటు. అక్కడ చాలా దేశాల్లో నంబరు మొదటి, రెండో రింగుల మధ్య మోడెమ్ శబ్దంలా వస్తుంది, ముందే ఎత్తితే పోతుంది. డిజిటల్ లైనులో రింగ్ మొదలవకముందే సెటప్ మెసేజ్‌లో వచ్చేస్తుంది. అనలాగ్ నుంచి మారినప్పుడు పాత "రెండు రింగుల తర్వాత ఎత్తు" సెట్టింగ్ తీసేయండి. అది అలాగే ఉంటే కాల్ చేసిన ప్రతివాళ్లూ ఊరికే కొన్ని సెకన్లు ఎదురుచూడాలి.