ట్రాలీని ఎక్కడ తగిలిస్తున్నాం?

ట్రాక్టరుకు ట్రాలీ తగిలించడం పల్లెల్లో నిత్యం జరిగే పని. డ్రైవరు వెనక్కి తిరిగి చూస్తూ రివర్సులో వస్తుంటాడు. ఒక కుర్రవాడు రెంటి మధ్యా నిలబడి, ట్రాలీ ముందున్న ఇనుప రింగును పైకెత్తి పట్టుకుని ‘రానీ, రానీ’ అంటుంటాడు. ఈ అలవాటును ఇక సాగనివ్వకూడదు. గంటకు 2 కిలోమీటర్లంటే మన నడక కన్నా తక్కువ వేగమే. అయినా ఆ వేగంలో ట్రాక్టరు సెకనుకు 55 సెంటీమీటర్లు జరుగుతుంది. క్లచ్చి మీద కాలు జారితే, డ్రైవరు తేరుకుని బ్రేకు తొక్కేలోపే ఆ కాస్త ఖాళీ మూసుకుపోతుంది. సరుకు నిండిన ట్రాలీ వెనక్కి కదలదు, మధ్యలో ఉన్నవాడికి తప్పుకునే చోటుండదు.

రింగును ముందుగానే స్టాండు మీద సరైన ఎత్తుకు నిలిపి, ట్రాలీ చక్రాలకు అటూ ఇటూ రాళ్లు అడ్డం పెడితే ఎవరూ మోయాల్సిన పని లేదు. సైగ చేసేవాడు పక్కన, డ్రైవరుకు కనబడేచోట ఉండాలి. హ్యాండ్‌బ్రేకు వేసి, ఇంజను ఆపాకే మధ్యలోకి వెళ్లి పిన్ను వేయాలి.

పిన్ను పోయిందని స్లాబుకు వాడగా మిగిలిన కడ్డీ ముక్కను దోపేవాళ్లున్నారు. పిన్ను తెగకుండా తట్టుకునే బలం దాని అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. 25 మిల్లీమీటర్ల పిన్ను ఉండాల్సిన చోట 16 మిల్లీమీటర్ల కడ్డీ పెడితే, రెండూ ఒకే ఉక్కు అయినా బలం సగం కూడా ఉండదు. పైగా సన్నని కడ్డీ రంధ్రంలో ఆడుతుంది. గతుకు వచ్చిన ప్రతిసారీ దెబ్బ పడుతుంది. అసలు పిన్నుకైనా కింద క్లిప్పు లేకపోతే కుదుపులకు పైకి లేచి ఊడిపోవచ్చు. అందుకే పిన్నుతో పాటు గొలుసు కూడా వేయాలి.

అన్నిటికన్నా తక్కువగా తెలిసిన విషయం తగిలించే చోటు ఎత్తు. 2 టన్నుల ట్రాక్టరు, ముందు చక్రాల మీద 800 కిలోలు, ముందు వెనక చక్రాల మధ్య 2 మీటర్లు అనుకుందాం. డ్రాబారు, అంటే లాగడం కోసం ట్రాక్టరు వెనక కిందిభాగంలో ఉండే ఇనుప పట్టీ, నేలకు 45 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే, దానికి తాడు కట్టి టన్ను బలంతో లాగినప్పుడు ముందు చక్రాల మీద 225 కిలోల భారం తగ్గుతుంది. అదే తాడును మీటరు ఎత్తున ఉన్న టాప్‌లింకు (నాగలిని పైన ట్రాక్టరుకు కలిపే కడ్డీ) బ్రాకెట్టుకు కడితే 500 కిలోలు తగ్గుతుంది. ఇక గట్టు ఎక్కితే చాలు, ముందు చక్రాలు గాలిలోకి లేస్తాయి. ఇంజనీరు హ్యారీ ఫెర్గూసన్ నాగలిని ట్రాక్టరుకు మూడు చోట్ల కలిపే పద్ధతి తెచ్చింది ఈ ప్రమాదాన్ని తప్పించడానికే. నాగలి రాయికి తగిలితే టాప్‌లింకు ట్రాక్టరును ముందుకు నెట్టి, ముందుభాగాన్ని కిందికి అదిమి ఉంచుతుంది. నెట్టడానికి ఉన్న ఆ చోటును పట్టుకుని వెనక్కి లాగడం ప్రాణాంతకం.

దమ్ములో దిగబడినప్పుడు చక్రాలకు అడ్డంగా దుంగ కట్టి ఇంజను రేపడం మరీ ఘోరం. చక్రం తిరగలేక బిగుసుకుంటే, ఇంజను బలం ట్రాక్టరు ఒంటినే వెనక ఇరుసు చుట్టూ తిప్పుతుంది. ఒకటిన్నర సెకన్లలోనే బండి డ్రైవరు మీద బోర్లా పడగలదు. రివర్సులో బయటికి రావడానికి ప్రయత్నించాలి. రాకపోతే దిగి, మరో ట్రాక్టరును పిలిపించి, లాగే బండి డ్రాబారుకే తాడు కట్టాలి. తెగిన తాడు తగలనంత దూరానికి చుట్టూ ఉన్నవాళ్లను పంపాకే లాగడం మొదలుపెట్టాలి.