రెండు రోజుల్లో అక్కచెల్లెళ్లు

అమెరికా యూనివర్సిటీల్లో అమ్మాయిల సంఘాలను సొరోరిటీలంటారు. 1998లో టెక్సస్‌లో దక్షిణాసియా అమ్మాయిల కోసమే డెల్టా ఫై ఒమేగా, కాప్పా ఫై గామా అని రెండు పుట్టాయి కాబట్టి ఈ మాట అక్కడి తెలుగు ఇళ్లలోనూ వినిపించొచ్చు. కొత్తగా చేరినవాళ్లను కొన్నిచోట్ల ఒక వారాంతం ఊరికి దూరంగా క్యాంపుకు తీసుకెళ్తారు. ఒకే రంగు టీషర్టులు, చప్పట్లతో పాటలు, రాత్రి చలిమంట చుట్టూ కబుర్లు. శుక్రవారం పక్క సీటు పిల్ల పేరు కూడా తెలియదు, ఆదివారానికి కౌగిలింతలు! చూసేవాళ్లకు కాస్త అతిగానే ఉంటుంది. కానీ అదంతా నటనేమీ కాదు.

వారానికోసారి జరిగే పెద్దల తరగతులను ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు నెలలు గమనించి 2015లో ఫలితాలు చెప్పారు. కొందరు పాటలు నేర్చుకున్నారు, కొందరు చేతిపనులు, ఇంకొందరు రచన. మొదటి నెలలోనే పాటలవాళ్లు మిగతావాళ్లకన్నా ముందు కలిసిపోయారు. బతుకమ్మ చుట్టూ చప్పట్లు కలిపినవాళ్లకు ఇది వేరే చెప్పాలా? ఏడో నెలకు మాత్రం అందరూ సమానమే.

దీని వెనక ఎండార్ఫిన్లు, అంటే నొప్పి తగ్గించి హాయినిచ్చే మెదడు రసాయనాలు, ఉన్నాయని అంచనా. మెదడులో వాటిని నేరుగా కొలవడం కష్టం గనక, నొప్పిని ఎంత ఓర్చుకుంటారో చూసి అంచనా వేసే ఉపాయం ఒకటి 2010లో చేశారు. ఆక్స్‌ఫర్డ్ పడవ పందేల కుర్రాళ్లు 12 మంది జిమ్ యంత్రాల మీద 45 నిమిషాలు తెడ్లు లాగారు, ఒకసారి ఒంటరిగా, ఒకసారి జట్టుగా. ఆపగానే బీపీ పట్టీ చేతికి చుట్టి, "ఇక చాలు" అనేదాకా గాలి కొట్టారు. శ్రమ రెండుసార్లూ ఒకటే. అయినా జట్టుగా లాగినప్పుడు పట్టీ మరింత బిగిసేదాకా ఓర్చుకోగలిగారు.

బాధపెట్టినా బంధం బలపడుతుందని వాదించేవాళ్లున్నారు. మన ర్యాగింగ్ లాంటిదే అక్కడి హేజింగ్. అలా వాదించేవాళ్లు చూపించే ఆధారం మనస్తత్వ శాస్త్రవేత్తలు ఆరన్సన్, మిల్స్ 1959లో ప్రచురించిన ప్రయోగం. గ్రూపులో చేరాలంటే సిగ్గుపడే మాటలు పైకి చదవాలని కాలేజీ అమ్మాయిలకు షరతు పెట్టి, తర్వాత పరమ బోరు చర్చ ఒకటి వినిపించారు. ఎక్కువ ఇబ్బంది పడ్డవాళ్లకే అది ఎక్కువ నచ్చింది. ఇంత అవస్థ పడ్డాం, ఊరికే పోయిందని ఒప్పుకోవడానికి మనసు రాదు కదా. నాకైతే ఇందులో స్నేహం కనబడదు, సర్దిచెప్పుకోవడమే కనబడుతుంది.

మరి స్నేహానికి ఎంత సమయం కావాలి? కాన్సస్ యూనివర్సిటీ ఆచార్యుడు జెఫ్రీ హాల్, కొత్త ఊరికి మారినవాళ్లనూ కొత్త విద్యార్థులనూ అడిగి లెక్క కట్టాడు. పరిచయం మామూలు స్నేహం కావడానికి దాదాపు 50 గంటలు, ప్రాణస్నేహానికి 200 పైనే. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం మధ్యాహ్నం దాకా, నిద్ర తీసేస్తే, పాతిక ముప్ఫై గంటలకు మించి మిగలవు. పైగా ఒకే క్లాసులో, ఒకే ఆఫీసులో గడిపిన గంటలు పెద్దగా లెక్కకు రావట. ఆ లెక్కన, క్యాంపు నుంచి వచ్చాక జరిగే తప్పనిసరి మీటింగుల కన్నా, అవయ్యాక నలుగురూ కూర్చుని పిజ్జా తింటూ జోకులేసుకునే గంటకే విలువెక్కువ.